కుదుపు

“ఆపప్పా, ఆపు! ఇంగ తోలొద్దు!”

లేవి గొంతు విని ఖాసిం వలి తిత్తి వదిలిపెట్టి కొలిమిలోంచి బయటికి వచ్చాడు. నరసన్న శెట్టి కారు కర్నూలు దోవన పావు మైలు పోయి, అంతలోనే వెనక్కి తిరిగి వచ్చి కొలిమి ముందర నిలిచింది. వెనక పలకల మీద కాయ దూసిన ఎండు శెనగకట్టె పరిచి, దాని మీద బొంత వేసి లేవి భార్య విశ్వాసమ్మను పండబెట్టి ఉన్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళలోంచి నీళ్ళు రెండు పక్కలా కారి చెవుల్లోకి పోతున్నాయి. తల్లి రాహేలమ్మ వాటిని తుడవను కూడా భయపడి, చేతులు గాల్లో పెట్టుకుని కూర్చుంది.

“చక్రం గుంతలో పడిన ప్రతిసారీ పాణం పోయినంత పని అయితాంది అన్నా,” అన్నాడు లేవి. “కర్నూలు దాకా యాడ పోతాము?”

లేవి ఖాసిం వలి దగ్గర సమ్మెట కొడతాడు. ఎనిమిదేళ్ళనించి ఇద్దరిదీ ఒకే నిప్పు. విశ్వాసమ్మ శెనక్కాయ పీకే కూలికి పోతుంది. యుద్ధం వచ్చిన రెండో ఏడు అది, కార్తీక మాసం. ఊరంతా శెనక్కాయ పని మీదనే ఉంది.

ముందురోజు శుక్రవారం. మధ్యాహ్నం శెట్టి కారు మిల్లులో కాయ దించి ఖాళీగా చేనికి తిరిగి పోతూ ఉంటే, దోవలో నడిచిపోయే ఆరుగురు ఆడకూలీలను ఎక్కించుకున్నారు. ఊరి బయట వంకలో చక్రం ఒక గుండు రాయి మీదికి ఎక్కి దిగింది. ఖాళీ బండి గుర్రప్పిల్ల మాదిరి ఎగిరింది. ఐదుగురు పలకలు పట్టుకున్నారు. విశ్వాసమ్మ పైకి లేచి, వచ్చి పక్క ఇనుము మీద నడుముతో పడింది. అంతే. లేవలేదు.

“మేలుకు పోతే ఇట్లయితాది,” అన్నాడు శెట్టి ఆ సాయంత్రం. “నడిచి పోతారు గదా అని ఎక్కించుకుంటి. నన్నెవరూ ఏమీ అనేదానికి లేదు.” అన్నాక కూడా లేవి శెట్టి వాకిట్లో నిలబడే ఉన్నాడు. చీకటి పడేదాకా నిలబడినాక, కర్నూలు ఆసుపత్రికి కారు ఇస్తానన్నాడు శెట్టి.

ఆ కారు ఒకప్పుడు ఎవరో ఇంజనీరుది. మెత్తటి సీట్లుండేవి. శెట్టి కొన్నాక వెనక సీటు పీకించి పలకలు కొట్టించాడు, కాయ బస్తాలు వేసేదానికి. బరువుకు కమాన్లు కుంగిపోతూ ఉంటే ఖాసిం వలి దగ్గరికే తెచ్చాడు. కమాను అంటే ఇనుప పట్టీల కట్ట. పొడుగు పట్టీ పైన, దాని కింద కురచది, దాని కింద ఇంకా కురచది. పోయిన ఏడు ఖాసిం వలి పాత లారీ పట్టీలు తెచ్చి, ఒక్కో పక్క నాలుగు ఎక్కువ వేసి బిగించాడు. ఇరవై బస్తాలేసినా కారు ఒంగలేదు. శెట్టి వీపు తట్టినాడు. బస్తాలు దించినాక మాత్రం ఆ కారు ఎట్ల ఎగురుతుందో డ్రైవరు నాగన్నకు ఒక్కనికే తెలుసు. నాగన్న కూర్చునేది ముందర, దూది సీటు మీద.

ఇప్పుడు నాగన్న దిగి వచ్చి వెనక చక్రం పక్కన కూర్చున్నాడు. నడివయసువాడు, బీడీ నోట్లోంచి తీయకుండానే మాట్లాడతాడు.

“వలన్నా, ఒక మాట చెప్తా. ఈ కారు ఖాళీగా పోతేనే కొడతాది. బరువు పడితే పిల్లి మాదిరి పోతాది. వంకలో ఇసక ఉండాది. పది మూటలు నింపి అడుగునేసి, పైన ఈమెను పండబెడితే, ఈ పొద్దు సందేళకు కర్నూలులో ఉంటాము.”

మాట సరైందే. ఖాసిం వలికి తెలుసు. కానీ అతడు కారు వెనక్కి పోయి వంగి చూశాడు. తను బిగించిన పట్టీలు నల్లగా, దళసరిగా, ఒకదాని మీద ఒకటి గట్టిగా కరుచుకుని ఉన్నాయి.

“ఈమెను ఎత్తేసింది ఈ పట్టీలే గదప్పా,” అన్నాడు. “నేనేసిన పట్టీలే. మల్ల వాటి మీదనే పండబెట్టి తోలమంటావా? మూటలు జరిగితే? ఒక మూట పక్కకు దొర్లితే ఈమె ఏమైతాది?”

“దొర్లకుండా కడతాము.”

“వద్దు. ఇది నేను చేసిన పని. నేనే సరిచేస్తా. ఒక్క పొద్దు చాలు.”

నాగన్న లేవి మొహం చూశాడు. లేవి ఖాసిం వలి మొహం చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఇనుము సంగతి ఏదొచ్చినా లేవి చూసింది ఆ మొహమే.

“అన్న చేస్తాడు,” అన్నాడు లేవి.

నలుగురు మనుషులు బొంత నాలుగు మూలలూ పట్టి విశ్వాసమ్మను మోసుకుంటూ ఇంటికి తీసుకుపోయారు. శెట్టికి కబురు పోయింది. శెట్టి తిరిగి కబురు పంపించాడు: పట్టీలు తీస్తే తీసుకోండి, బుధవారానికల్లా మళ్ళీ ఎక్కించాలి, మిల్లుకు కాయ పోవాలి.

కారు వెనక భాగం లేపి కింద దిమ్మెలు పెట్టారు. బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, పాన పెట్టి ఇద్దరూ వేలాడితే ఒకటి కదిలింది. నాలుగో బోల్టు తల తెగిపోయింది. దాన్ని ఉలితో కొట్టి తీసేసరికి శనివారం పొద్దు వాలింది.

కమాన్లు రెండూ కిందికి దిగాక ఖాసిం వలి పట్టీలు విడదీశాడు. పట్టీకీ పట్టీకీ నడుమ తుప్పు అట్టకట్టి ఉంది. ఒకదాని మీద ఒకటి జారాల్సిన పట్టీలు, అతుకు పెట్టినట్టు ఒకే ముద్ద అయిపోయాయి.

“ఇట్లుంటే ఇంగ కమాను యాడిది లేవీ? దూలము.”

లారీ పట్టీలు నాలుగేసి తీసి గోడకు ఆనించాడు. మిగిలినవాటిని ఇటుక పొడి చల్లి, తడి గోనెతో రుద్ది రుద్ది తెల్లబరిచారు. చివర్లు సానరాయి మీద పట్టి పలచగా దించాడు, పై పట్టీని గీకకుండా జారేదానికి. ఆముదంలో పొయ్యి మసి కలిపి నడుమ పూశాడు. ఆదివారం ఏసు గుడి గంట కొట్టినప్పుడు లేవి చేతులు ఆపి, తల వంచి, పెదవులు కదిలించి మళ్ళీ గోనె పట్టుకున్నాడు. పొమ్మని ఖాసిం వలి అన్నాడు. లేవి పోలేదు.

ఆ మధ్యాహ్నం, అంతా చేసి బిగించబోయే ముందు, పెద్ద పట్టీని తుడుస్తూ ఉంటే ఖాసిం వలి బొటనవేలికి ఏదో తగిలింది. వెలుతురుకు పట్టి చూశాడు. నడిమి బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత చీలిక.

దానితోనే కర్నూలు దాకా పోవచ్చు. నూటికి తొంభై పాళ్ళు ఏమీ కాదు. ఖాసిం వలి ఆ పట్టీని మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

“లేవీ, ఆమెకెట్లుండాది? పోయి చూసొద్దాం పా.”

లేవి ఇంటి వాకిట్లో రాహేలమ్మ జొన్నలు చెరుగుతూ ఉంది. లోపల విశ్వాసమ్మ చాప మీద వెల్లకిల పడుకుని ఉంది. శనివారం రాత్రంతా మూలిగిన మనిషి ఇప్పుడు మూలగడం లేదు. మొహం పాలిపోయింది గానీ, తేటగా ఉంది. ఖాసిం వలిని చూసి నవ్వింది.

“ఏమన్నా, నన్ను పండుకోబెట్టి మీరిద్దరూ ఇనుముతో ఆడుకుంటాండారా?”

“నీ కోసరమే తల్లీ. నొప్పి ఎట్ల...”

“ష్!” అని రాహేలమ్మ చేటతో సహా లేచి వచ్చింది. “పేరెత్తొద్దు నాయనా! తగ్గినదాన్ని తగ్గిందని అడగొద్దు, చెప్పొద్దు. పిలిచినట్టయి మల్ల తిరిగొస్తాది. మా ఇంట్లో ఎవురూ దాని పేరే ఎత్తలేదు తెల్లారినప్పటినించి.”

ఖాసిం వలి నాలుక కరుచుకున్నాడు. తన ఇంట్లో భార్య మాబీ కూడా పిల్లల జ్వరం దిగితే అదే చేస్తుంది. దిగిందని నోటితో అనదు. అతడు ఇంకేమీ అడగలేదు. తగ్గుతూ ఉంది, అంతే చాలు. బయటికి వచ్చి నడుస్తూ అన్నాడు:

“ఒక పొద్దు ఎక్కువైనా పరవాలేదు లేవీ. చీలిన పట్టీతో నేను పంపించను. కొత్తది కాల్చి కొడతా.”

తీసేసిన లారీ పట్టీల్లో పొడుగుదాన్ని నిప్పులో పెట్టారు. సోమవారం తెల్లారి మొదలు లేవి తిత్తి ఊదాడు, సమ్మెట కొట్టాడు. ఖాసిం వలి పట్టకారుతో తిప్పుతూ చిన్న సుత్తితో చోటు చూపిస్తే, ఆ చోటే లేవి దెబ్బ పడేది. పలచన చేశారు, వంపు తిప్పారు, పాతదాని పక్కన పెట్టి దారంతో కొలిచారు. అరంగుళం తేడా వస్తే మళ్ళీ కాల్చారు. ఎర్రగా కాలిన పట్టీని శెనగనూనెలో ముంచితే గుప్పున మంట లేచింది. పొగలోంచి తీసి తుడిచి మళ్ళీ నిప్పు సెగ మీద పట్టాడు. ఇనుము మీద రంగులు పాకాయి. పసుపు వచ్చింది, గోధుమ వచ్చింది. నెమలి మెడ రంగు రాగానే తీసి బూడిదలో పెట్టాడు. ఆ రంగు కోసం ఊపిరి బిగబట్టుకుని చూస్తాడు అతడు. ఇన్నేళ్ళయినా ఆ రంగు వచ్చినప్పుడల్లా అతనికి సంతోషం.

సాయంత్రానికి కమాన్లు బిగించి, టైర్లలో గాలి కొంత తీసి, వెనక పలక మీద ఒక చెంబు నిండా అంచుల దాకా నీళ్ళు పోసి పెట్టారు. నాగన్న కారును బజారు వీధిలో ఈ కొస నుంచి ఆ కొసకు తోలాడు. ఖాసిం వలి పక్కన పరుగెత్తాడు. చుక్క కూడా ఒలకలేదు.

“శెట్టి కారు పల్లకీ అయిపోయిందప్పా!” అని చెప్పులు కుట్టే అయ్యన్న అరిచాడు. “నాగన్నా, ఇంగ నువ్వు బోయీవి. కేకలు నేర్చుకో!”

“ముందు నీ చెప్పుల్లో కమాను ఏపిచ్చుకో, కుంటుకుంటా నడుస్తాండావు,” అన్నాడు నాగన్న.

అందరూ నవ్వారు. లేవి నవ్వి, ఆ నవ్వులోనే చెంబు తీసి ఖాసిం వలి చేతికి ఇచ్చాడు. ఖాసిం వలి ఆ నీళ్ళు తాగాడు. నాలుగు రోజుల మీద అతనికి గొంతులోకి ఏదైనా సుఖంగా దిగింది అవే.

మంగళవారం తెల్లవారుతూనే బయలుదేరారు. మాబీ రెండు బొంతలు పంపించింది. రాహేలమ్మ కూతురి తల దగ్గర కూర్చుంది. లేవి ముందర, నాగన్న పక్కన. ఖాసిం వలి మాత్రం లోపల కూర్చోలేదు. పక్కన తొక్కుడు పలక మీద నిలబడి, ఒక చేత్తో కారు పట్టుకుని, వంగి కమాన్ల కదలిక చూస్తూ వచ్చాడు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతూ, సాగుతూ, ముడుచుకుంటూ ఉన్నాయి. నూనె మెరుస్తూ ఉంది.

దేవనకొండ దాటినాక దోవ చెడిపోయింది. బండ్లు తిరిగి తిరిగి పడిన గాళ్ళు, నడుమ గుండ్లు. ఒక చోట వెనకనించి ధన్‌మని చప్పుడు వచ్చింది. ఇరుసు లేచి చట్రానికి తగిలిన చప్పుడు అది. ఖాసిం వలి కారు లోపలికి వంగాడు.

“విశ్వాసమ్మా!”

“ఏం లేదన్నా. పోనియ్,” అంది ఆమె. నిజంగానే మొహంలో ఏమీ లేదు. పైన ఆకాశం చూస్తూ ఉంది.

“అయ్యో నా నడుమూ,” అంది రాహేలమ్మ. “యముకలన్నీ కదిలిపోయెగదరా తండ్రీ.”

“పడిందాన్ని నేను, మూలిగేది నువ్వా?” అంది విశ్వాసమ్మ. “నాకు లేంది నీకెందుకే మా?”

నాగన్న నవ్వాడు. ముందర కూర్చున్న లేవి కూడా నవ్వాడు. ముసలి ఎముకలు, చీమ కుట్టినా మూలుగుతాయి అనుకున్నాడు ఖాసిం వలి. ఇంకో నాలుగైదు సార్లు ఆ చప్పుడు వచ్చింది. ప్రతిసారీ అతడు తిరిగి చూశాడు. ప్రతిసారీ ఆమె ఏం లేదన్నట్టు చెయ్యి ఊపింది. కోడుమూరు దాటాక అతడు చూడటం మానేశాడు. గాలి మొహానికి కొడుతూ ఉంటే, చాలా రోజుల తర్వాత తల ఎత్తి నిలబడ్డాడు. తను చేసిన చెడును తన చేత్తోనే తీసేసినట్టుంది.

ఆసుపత్రిలో నలుగురు మోసి ఇనుప మంచం మీద పడుకోబెట్టారు. లేవి పేరు రాయించేదానికి కిటికీ దగ్గరికి పోయాడు. రాహేలమ్మ నీళ్ళకు పోయింది. తలుపు దగ్గర ఖాసిం వలి నిలబడ్డాడు.

డాక్టరమ్మ పెద్దావిడ, తెల్ల చీర. విశ్వాసమ్మతో ఊరి సంగతులు మాట్లాడుతూనే దుప్పటి పైకి తీసి, ఆమె కాళ్ళ దగ్గర నిలబడింది. చేతిలో గుండుసూది ఉంది. అరికాలులో గుచ్చింది. విశ్వాసమ్మ చేలో పండిన కాయ గురించి చెబుతూనే ఉంది. పిక్కలో గుచ్చింది. తొడలో గుచ్చింది. చిన్న రక్తపు చుక్క లేచింది. విశ్వాసమ్మ మాట ఎక్కడా తెగలేదు.

“కాయ మాత్రం ఈసారి గట్టిగుండాదమ్మా, రెండేసి గింజలు,” అంటూ ఉంది.

డాక్టరమ్మ దుప్పటి కప్పి బయటికి వచ్చింది.

“మీరు ఆమెకు ఏమవుతారు?”

“అన్న... మా దగ్గర పని చేస్తాడు ఆమె మొగుడు.”

“ఎప్పుడు పడింది?”

“శుక్రవారము.”

“ఇవాళ మంగళవారం,” అంది ఆమె. కోపంగా అనలేదు. “వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. కాళ్ళు ఇంక కదలవు. మొదట నొప్పి ఉండేదా?”

“ఉండిందమ్మా. శనివారమంతా. ఆదివారానికి తగ్గింది.”

“అది తగ్గడం కాదు. పోవడం.”

ఖాసిం వలి గోడకు చెయ్యి పెట్టుకున్నాడు. “శనివారమే తెచ్చింటే?”

ఆమె వార్డు వైపు ఒకసారి చూసింది. “పలక మీద కదలకుండా కట్టి ఆ రోజే తెచ్చుంటే, కొంచెం మిగిలేదేమో. చెప్పలేం. మొగుడికి మీరే మెల్లగా చెప్పండి. నేను రేపు మళ్ళీ చూసి ఆమెకు చెబుతాను.”

సాయంత్రం, బయలుదేరే ముందు, విశ్వాసమ్మ ఖాసిం వలిని పిలిచింది. ఆడవాళ్ళ వార్డులో రాత్రిపూట మగవాళ్ళు ఉండకూడదు. రాహేలమ్మ ఉంటుంది. లేవి ఊరికి పోయి దుడ్లు సర్దుకుని ఆదివారం రావాలి.

“అన్నా, నీ చేతి పని గురించి అందరికీ చెప్తాండా,” అంది. పక్క మంచం ఆమె ఇటు తిరిగి వింటూ ఉంది. “చూడక్కా, మా అన్న ఈయనే. యాభై మైళ్ళు, చిన్న నొప్పి తెలిస్తే ఒట్టు. పూల మీద వచ్చినట్టు వస్తి. నన్ను తిరిగి తీసకపోయేటప్పుడు కూడా ఆ కారే తేవల్ల అన్నా. శెట్టిని అడుగు.”

“అడుగుతా తల్లీ,” అన్నాడు ఖాసిం వలి. ఆమె చెయ్యి చాపింది. అతడు ఆ చెయ్యి పట్టుకోలేక, మంచం ఇనుము పట్టుకుని నిలబడి, వెళ్ళిపోయాడు.

కారు దగ్గర నాగన్న సామాను సర్దుతూ ఉన్నాడు. శెట్టి చీటీ రాసి పంపిన లాంతరు గాజులు, మూడు పెట్టెలు. వాటిని ముందరి దూది సీటు మీద పెట్టి తాడుతో కడుతున్నాడు.

“ఒక్క గాజు పగిల్తే శెట్టి నా చర్మం ఒలుస్తాడు,” అన్నాడు. “మీరిద్దరూ ఎనక కూచోండి అన్నా. మెత్తగ చేసినావు గదా, సుకంగ పోదురు.”

ఇద్దరూ వెనక, విశ్వాసమ్మ పడుకున్న చోట, శెనగకట్టె మీద కూర్చున్నారు. లేవి మొహం తేలికగా ఉంది. కర్నూలు దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ మంచిదంట, కట్టు కడతారంట, రెండు నెలలకు లేచి తిరుగుతుందని పక్క మంచం ఆమె చెప్పిందంట. ఖాసిం వలి ఊఁ కొట్టాడు. చెప్పాలి అనుకున్నాడు. రాళ్ళ గుట్ట దాటనీ, అనుకున్నాడు. కోడుమూరు రానీ, అనుకున్నాడు.

కోడుమూరు వచ్చింది, పోయింది. కంకర దోవ అయిపోయి గాళ్ళు మొదలయ్యాయి. మొదటి గుండు మీదికి చక్రం ఎక్కింది.

ఇరుసు చట్రానికి తగిలి ధన్‌మంది. ఆ దెబ్బ పలకలోంచి ఖాసిం వలి నడుములోకి దూరి, వీపు వెంట మెడ దాకా కొట్టింది. పళ్ళు పళ్ళు తగిలి నాలుక తెగింది. అతనికి ఊపిరి ఆడలేదు. ఊపిరి వచ్చేసరికి ఇంకో గుండు, ఇంకో దెబ్బ. కన్నీళ్ళు తిరిగాయి. బజారు వీధి చదును మీద చెంబు ఒలకలేదు. ఈ గుండ్ల మీద, మనుషుల బరువుకు, పలచబడ్డ కమాను ఒంగి ఒంగి చివరికి ఇనుముకు ఇనుము కొట్టుకుంటూ ఉంది. తొక్కుడు పలక మీద నిలబడి, మోకాళ్ళు వంచి, అతడు వచ్చేటప్పుడు దీన్ని తెలుసుకోలేదు.

లేవి రెండు చేతులతో పలక అంచు పట్టుకుని ఎగిరెగిరి పడుతూ నవ్వాడు.

“ఏందన్నా ఇది? పోయేటప్పుడు ఇంత కుదుపు లేదే! బరువు తగ్గేసరికి మల్ల మొండికేసిందా?”

అవునంటే సరిపోయేది. లేవి నమ్మేవాడు. ఇనుము సంగతి గదా.

“ఉండిందప్పా,” అన్నాడు ఖాసిం వలి. “పోయేటప్పుడు కూడా ఇంతే ఉండింది.”

లేవి నవ్వు మొహం మీద అట్లాగే ఉండిపోయింది. అతడు తను కూర్చున్న శెనగకట్టె వైపు చూశాడు. దాని మీద ఇంకా ఆమె పడుకున్న గుంత ఉంది.

“మరి ఆమె...” అన్నాడు.

“నడుము కింద ఏమీ తెలీదంట లేవీ. ఇంగ తెలీదంట. తగ్గిందనుకుంటిమే, ఆదివారం, అప్పుడు పోయిందంట. నాగన్న చెప్పినట్టు శనివారమే పోయింటే...” ఖాసిం వలి నాలుక మీద రక్తం మింగాడు. “నేనే ఆపితి. పట్టీ బాగ కుదరల్లని.”

లేవి ఆ గుంతను వదిలి పక్కకు జరిగి కూర్చున్నాడు. కారు ఎగురుతూ ఉంది. ముందర నాగన్న గాజు పెట్టెల మీద ఒక చెయ్యి పెట్టుకుని తోలుతూ ఉన్నాడు. పొద్దు ఎర్రగా చేల మీద పడింది. కాయ పీకిన చేలు, మన్నంతా తిరగబడి ఉంది.

“ఆమెకు చెప్పినావా?” అన్నాడు లేవి చివరికి.

“లేదు. డాక్టరమ్మ రేపు చెప్తుందంట.”

“కాళ్ళ సంగతి ఆయమ్మ చెప్పనీ,” అన్నాడు లేవి. “కారు సంగతి మాత్రం నువ్వెప్పుడూ చెప్పొద్దన్నా. మెత్తగా వచ్చిననే అనుకోనీ.”

దోవ వంకలోకి దిగింది. ముందర పెద్ద గుండు కనబడుతూ ఉంది. తప్పించేదానికి చోటు లేదు. ఇద్దరూ దాన్ని చూశారు. ఇద్దరిలో ఎవరూ పలక పట్టుకోలేదు.